పొల్లు పలకని మీట

2025 సంక్రాంతికి తెనాలి వెళ్ళేసరికి మా ఇంట్లో కంప్యూటరు మీద గుడ్డ కప్పి ఉంది. అమ్మ పాత వాయిల్ చీర ముక్క అది. దుమ్ము పడకుండా రాత్రిళ్ళు కప్పటం మామూలే. కాని పట్టపగలు పదకొండు గంటలకు కప్పి ఉండటమూ, ఆ గుడ్డ మీద పంచాంగం, మందుల డబ్బా, కరెంటు బిల్లు సర్దుకుని కూర్చోవటమూ కొత్త. రోజూ వాడే వస్తువు మీద ఎవరూ సామాను పెట్టరు. నాన్నగారు రాయటం మానేశారని ఆ క్షణంలోనే అర్థమయింది.

నాన్నగారు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్ఫై నాలుగేళ్ళు తెలుగు చెప్పి 2009లో పదవీ విరమణ చేశారు. ఆ మరుసటి ఏడు నేను నా పాత కంప్యూటరును ఇంటికి తెచ్చి, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు అక్షరాలు వచ్చే పద్ధతి చూపించాను. ఆయన రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజున, "ఒరే, తెలుగు రాయటానికి ముందు మనసులో ఇంగ్లీషులో గుణించుకోవాలా? ఈ వయసులో నాకీ శిక్ష ఎందుకు?" అన్నారు. అప్పుడు ఇన్‌స్క్రిప్ట్ సంగతి చెప్పాను. 1991 నాటి భారత ప్రమాణం ఐఎస్ 13194లో చోటు చేసుకున్న అమరిక అది. హిందీకైనా, తెలుగుకైనా, కన్నడానికైనా ‘క’ ఒకే మీట మీద ఉంటుంది. అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమ చేతి వైపు, హల్లుల్లో అధికభాగం కుడి చేతి వైపు. ఊరికే కొడితే గుణింతపు గుర్తు, షిఫ్ట్ పట్టుకుని కొడితే దాని అచ్చు. ఊరికే కొడితే ‘క’, షిఫ్ట్‌తో కొడితే ‘ఖ’. ఆ ఏర్పాటు చూసి ఆయన మురిసిపోయారు. "దీన్ని చేసినవాడెవడో వర్ణమాల సరిగ్గా చదువుకున్నవాడురా" అని మెచ్చుకుని, ఒక అట్టముక్క మీద అమరిక అంతా స్వదస్తూరీతో రాసుకుని తెర పక్కన అతికించుకున్నారు. ఆ తరువాత కంప్యూటర్లు రెండు మారాయి గాని, అట్టముక్క మారలేదు.

2022 వేసవిలో ఆయనకు ఎడమ వైపు పక్షవాతం వచ్చింది. స్వల్పంగానే వచ్చింది. మాట పోలేదు. కాలు నెల తిరగకుండానే స్వాధీనంలోకి వచ్చింది. చెయ్యి మాత్రం మొరాయించింది. ఫిజియోథెరపీ చేయించటానికి వచ్చే అమ్మాయి, రబ్బరు బంతి పిసకటం, పళ్ళెంలో శనగలు ఏరటం వంటి అభ్యాసాలతో పాటు "టైపు కూడా చెయ్యండి తాతగారూ" అని చెప్పింది. మన వ్యాకరణంలో అచ్చులకు ప్రాణములని, హల్లులకు ప్రాణులని పేరు. "ప్రాణాలన్నీ ఎడమ చేతిలోనే ఉన్నాయి, దీన్ని వదులుకుంటే ఎలా?" అని నవ్వి ఆయన కీబోర్డు ముందు కూర్చున్నారు.

ఏం రాయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు వాళ్ళ అమ్మను గురించి రాస్తానన్నారు. మా నాయనమ్మ 1984లో పోయింది. నాకు ఆమె చేతి గాజులు తప్ప మొహం సరిగ్గా గుర్తు లేదు. నాన్నగారు రోజుకు పది పంక్తుల చొప్పున రాసుకుంటూ పోయారు. వేళ్ళకు వ్యాయామమని మొదలుపెట్టినది రెండేళ్ళలో 140 పుటలయింది. మధ్యలో నేను, "ఫోనుకు చెప్తే అదే రాసుకుంటుంది నాన్నగారూ, ఎందుకీ శ్రమ?" అన్నాను. "చెప్పటం వేరు, రాయటం వేరురా. చెప్పేటప్పుడు వినేవాడి మొహం చూస్తాం. రాసేటప్పుడు నాకు మా అమ్మ మొహం కనిపిస్తుంది" అన్నారు. మళ్ళీ ఆ ప్రసక్తి తేలేదు.

అటువంటి మనిషి రాత ఆపేశారు. భోజనాల దగ్గర, "రాయటం లేదా నాన్నగారూ?" అని అడిగాను. "ఇక చాలులేరా" అని ఎడమ చేతిని ఒళ్ళోకి తీసుకుని కుడి చేత్తో కప్పుకున్నారు. అమ్మ వడ్డిస్తూ, ఇక అడగవద్దని కళ్ళతోనే సైగ చేసింది. తరువాత వంటింట్లో చెప్పింది: "కార్తీకమాసం నుంచి ఇదే వరస. చెయ్యి మళ్ళీ పడిపోతోందని ఆయన భయం. డాక్టరు గారు చూసి బాగానే ఉందన్నారు. ఈయన నమ్మితేగా! కాఫీ గ్లాసు కూడా ఆ చేత్తో పట్టుకోవటం మానేశారు."

నన్ను బాధించింది ఆ చివరి మాట. రెండేళ్ళు బంతి పిసికి, శనగలు ఏరి, అచ్చులు కొట్టి సాధించుకున్న చేతిని ఆయన తనంతట తాను వదిలేస్తున్నారు.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక గుడ్డ తీసి కంప్యూటరు పెట్టాను. దొంగతనంగా చూస్తున్నానన్న సంకోచం లేకపోలేదు. చివరి మార్పు 2024 నవంబరు 20న జరిగినట్టు ఫైలు చూపిస్తున్నది. చివరి పుటకు వెళ్ళాను. అక్కడ ఇలా ఉంది:

"మా మమకు కషరాలు రావు. యినా నా పుసతకాలననీ ఆమెకు గురతే."

చేతులు చల్లబడ్డాయి. వత్తు తప్పు రాస్తే పిల్లవాడి చేత యాభై సార్లు దిద్దించిన మనిషి ఆయన. ‘అమ్మ’ను ‘మమ’ అని రాశారంటే దెబ్బ తగిలింది చేతికి కాదని, అంతకంటె లోతుగా ఎక్కడో తగిలిందని అనిపించింది. మధ్యాహ్నం ఆయన నాతో చక్కగా మాట్లాడారన్నది కూడా ఆ క్షణంలో గుర్తు రాలేదు. మర్నాడు ఏ ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి, సెలవు ఎన్నాళ్ళు పొడిగించాలి అని ఆలోచించుకుంటూ కాసేపు అలాగే కూర్చున్నాను.

నా వృత్తి కంప్యూటర్లతోనే. ఇరవయ్యేళ్ళుగా చేస్తున్న పనిలో నాకు పట్టుబడిన విద్య ఒకటే: తప్పు కనిపించగానే కారణం వెతకకూడదు, ముందు తప్పులన్నిటినీ వరసగా పేర్చుకుని చూడాలి. అలవాటు చొప్పున ఆ రెండు వాక్యాలనే మళ్ళీ చదివాను. ‘అమ్మ’లో అకారం పోయింది, మకారం కింది వత్తు విడిపోయింది. ‘అక్షరాలు’, ‘అయినా’ - అకారాలు పోయాయి. ‘పుస్తకాలన్నీ’, ‘గుర్తే’ - ఒత్తులు విడిపోయాయి. అంతే. దీర్ఘాలు సరిగ్గా ఉన్నాయి. కొమ్ములు ఉన్నాయి. ‘ఆమెకు’లో ‘ఆ’ నిక్షేపంగా ఉంది. ‘ఆ’ తెలిసిన మనిషికి ‘అ’ ఎలా మరుపు వస్తుంది?

వత్తు రావాలంటే రెండు హల్లుల మధ్య పొల్లు కొట్టాలి. కనుక ఆ పేరాలో లేనివి రెండే: ‘అ’, పొల్లు. వ్యాకరణంలో ఈ రెండింటికీ ఎక్కడా చుట్టరికం లేదు. అచ్చుల్లో మొదటిది ఒకటి, అచ్చు లేదని చెప్పే గుర్తు మరొకటి. మనిషి మెదడు మతి తప్పినా ఈ రెండింటినే ఏరి మరిచిపోవలసిన కారణం లేదు. ఈ రెండూ కలిసి కాపురం చేసే చోటు లోకంలో ఒక్కటే. తల తిప్పి అట్టముక్క చూశాను. ‘డి’ అన్న గడిలో, కింద పొల్లు, పైన ‘అ’ - నాన్నగారి గుండ్రటి దస్తూరీలో. ఎడమ చేతి నడిమి వేలి కింద ఉండే మీట అది.

అప్పుడు వచ్చిన నవ్వును ఆపుకోవటం కష్టమయింది.

అయితే అనుమానం వేరు, రుజువు వేరు. ఖాళీ పుట తెరిచి వరసగా మీటలు నొక్కాను. చిత్రమేమంటే ఏ మీటా పలకలేదు. చాలాసేపు అదిమిపెడితే గాని ఒక్కొక్క అక్షరం రావటం లేదు. ఇది మరొక రోగం. దీని పేరు ఫిల్టర్ కీస్. చేతులు వణికేవారు పొరపాటున తాకిన మీటలు పడకుండా ఉండటానికి విండోస్‌లో పెట్టిన సదుపాయమిది. తాకి వదిలితే లెక్కపెట్టదు, పట్టి ఉంచితేనే స్వీకరిస్తుంది. కుడి వైపు షిఫ్ట్ మీటను 8 సెకన్లు నొక్కి పట్టుకుంటే, ‘ఆన్ చేయమంటారా?’ అని అడిగే పెట్టె ఒకటి తెర మీదికి వస్తుంది. నాన్నగారు అచ్చు కొట్టవలసినప్పుడల్లా కుడి చేత్తో షిఫ్ట్ పట్టుకుని, ఎడమ చేతి వేలిని మెల్లగా తీసుకువెళ్ళి మీట మీద ఆనిస్తారు. ఆ ప్రయాణానికి 8 సెకన్లు పట్టి ఉంటుంది. పెట్టె వచ్చి ఉంటుంది. ఈయన ‘ఎస్’ నొక్కి ఉంటారు. ఆనాటి నుంచి ప్రతి మీటా బరువెక్కింది. చేతులు వణికేవారికి సాయం చేయటానికి పుట్టిన ఏర్పాటే ఆయనకు తన చేతుల్లో బలం తగ్గిందని చెప్పింది.

దాన్ని తీసేశాను. మీటలన్నీ తాకితే పలికాయి, ‘డి’ తప్ప.

ఇంగ్లీషులోకి మార్చి కొట్టాను. అక్కడా ‘డి’ రాలేదు. అంటే తెలుగు అమరికది తప్పు కాదు. తెర మీద కనిపించే కీబోర్డును తెరిచి, మౌసుతో ‘డి’ నొక్కితే పొల్లు చక్కగా పడింది. అంటే కంప్యూటరుదీ తప్పు కాదు, ఖతిదీ తప్పు కాదు. మిగిలింది బల్ల మీద ఉన్న ప్లాస్టిక్ పలక ఒక్కటే. దాని లోపల మూడు పొరల పల్చటి ప్లాస్టిక్ రేకులుంటాయి. పై రేకు మీదా, కింది రేకు మీదా విద్యుత్తు పారే గీతలు అచ్చు వేసి ఉంటాయి. నడిమి రేకులో మీట మీటకీ ఒక రంధ్రం. మీట నొక్కితే దాని కింది రబ్బరు బుడిపె అణగి, పై గీత కింది గీతను ఆ రంధ్రంలోంచి తాకుతుంది. ప్రతి మీటకూ విడిగా తీగ వేయరు. 8 అడ్డు వరుసలు, 18 నిలువు వరుసలు ఉంటే 26 తీగలతోనే 144 స్థానాలు గుర్తించవచ్చు. అందువల్ల గీత ఎక్కడైనా తెగితే, ఆ వరుసలోని మీటలు గుంపుగా చచ్చిపోతాయి. ఇక్కడ చచ్చింది ఒంటరి మీట. నొక్కి చూస్తే బిగుతుగా ఉంది, సగం దూరం వెళ్ళి ఆగుతున్నది. బలం పెట్టి అదిమితే ఒక్కసారి పలికింది. కాబట్టి తెగినది ఏదీ లేదు, ఏదో అడ్డుపడింది. బలహీనమైన వేలితో ఆ మీటను నొక్కిన మనిషి వేలినే అనుమానించటంలో వింతేమీ లేదు.

కంప్యూటరు ఆపి, కీబోర్డు తీగ ఊడదీసి, ముందుగా ఫోనుతో ఒక ఫొటో తీసుకున్నాను. మీటలు పీకేవారు ఈ పని మరువకూడదు. ఏది ఎక్కడిదో గుర్తుంటుందని అనుకుంటాం గాని ఉండదు. చెంచా కాడను మీట అంచు కిందికి పోనిచ్చి మెల్లగా పైకి లేపాను. ‘డి’ టప్పున ఊడి వచ్చింది. కీబోర్డును కాగితం మీద బోర్లించి తట్టాను. గోధుమరంగు పొడి రాలింది. ఏమిటా అని దగ్గరికి తీసుకుని చూడబోయాను.

నాలుగు తుమ్ములు వచ్చాయి. వీధి మొదట్లోని కుక్క మొరిగింది.

ముక్కుపొడుం! పక్షవాతం వచ్చిన రోజున డాక్టరు గారు మాన్పించిన పొడుం. మానేశానని నాన్నగారు అమ్మకు దేవుడి గూటి ముందు మాట ఇచ్చిన పొడుం. దాని మీద ఏనాడో ఒలికిన కాఫీ చుక్క పడి, పాకం కట్టి, మీట దిగే గొట్టానికి జిగురులా పట్టుకుపోయింది. నాయనమ్మ కథలో బరువైన ఘట్టాలు వచ్చినప్పుడల్లా చిటికెడు అవసరమయి ఉంటుంది పాపం.

చక్కెర పరీక్షకు ముందు వేలు తుడుచుకునే స్పిరిట్ దూది పొట్లాలు మందుల డబ్బాలో ఉన్నాయి. నాలుగు చించి, అగ్గిపుల్లకు దూది చుట్టి, గొట్టం లోపలా, మీట కాడా తుడిచాను. నీళ్ళు పనికిరావు, రేకుల మధ్యకు దిగితే త్వరగా ఆరవు, గీతలను తినేస్తాయి. స్పిరిట్ ఇట్టే ఆరుతుంది. అయినా తొందరపడకుండా ఫ్యాను కింద పెట్టి కూర్చున్నాను.

ఆరేదాకా చేసే పని లేక, పొల్లు లేని తెలుగు ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. మనం ఆ గుర్తును దాదాపు పట్టించుకోం. కాగితం మీద రాసేటప్పుడు వత్తు రాస్తాం గాని, మధ్యలో పొల్లు ఉన్నదని అనుకోం. యూనికోడులో మాత్రం ఏ వత్తయినా దాని మీదుగానే రావాలి. అది పోతే అక్క, అన్న, అత్త, అయ్య, అవ్వ ఎవరూ మిగలరు. తమ్ముడు, చెల్లెలు, పిన్ని పోతారు. అల్లుడు పోతాడు. తాత, మామ, బావ, వదిన, కోడలు మిగులుతారు. కవిత్రయం మొత్తం పోతుంది. నన్నయ, తిక్కన, ఎర్రన ముగ్గురికీ ద్విత్వమే. పోతన, వేమన దక్కుతారు. పద్యం పోతుంది, కవిత ఉంటుంది. ‘పొల్లు’ అన్న మాటే పొల్లు లేకుండా రాయలేం. అమ్మ, నాన్న - ఇద్దరూ పోతారు. ‘అమ్మ’కైతే రెండు దెబ్బలు. ఆ మాటకు కావలసిన మీటలు రెండే, ‘డి’, ‘సి’. అందులో ఒకటి చచ్చింది. అమ్మను గురించి పుస్తకం రాస్తున్న మనిషి ‘అమ్మ’ అని రాయలేక, రెండు నెలలుగా ఎవరికీ చెప్పుకోలేక, ఒళ్ళో చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు.

ఒంటి గంటకు మీట మళ్ళీ బిగించి, తీగ తగిలించాను. షిఫ్ట్ డి, సి, డి, సి. అమ్మ.

ఆ పేరాను నేనే దిద్దుదామనుకుని, మళ్ళీ మానుకున్నాను. అది నా పని కాదు.

ఉదయం కాఫీలయ్యాక నాన్నగారిని కంప్యూటరు దగ్గరికి రమ్మన్నాను. రానన్నారు. "మీ వేలు బాగానే ఉంది నాన్నగారూ. బాగాలేనిది మీట" అన్నాను. నమ్మలేదు. వైద్యుడి మాటే నమ్మని మనిషి నా మాట ఏం నమ్ముతారు? అప్పుడు ఆ పేరా చూపించి, రాత్రి నేను వేసుకున్న లెక్క వరసగా చెప్పాను. పోయిన అక్షరాలు రెండే అన్నాను. ‘ఆ’ ఉన్నదన్నాను. అట్టముక్క మీద ‘డి’ గడి చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, పెదవులతో కూడబలుక్కుంటూ ఆ రెండు వాక్యాలూ చదివారు. వేలు మళ్ళీ పడిపోయిందన్న దిగులులో ఆ పుట వంక మరొక్కసారి చూడలేదట. "వాక్యం సగంలో ఆపటం ఇష్టం లేక, వచ్చినంత వరకు కొట్టి లేచిపోయాను" అన్నారు.

తరువాత ఎడమ చేతి నడిమి వేలిని పైకెత్తి కొంతసేపు చూసుకున్నారు. "ఇన్నాళ్ళూ దీన్ని ఊరికే తిట్టుకున్నానురా" అన్నారు. గొంతు జీరపోయింది. నేను కిటికీ వైపు చూశాను.

ఆయన ఆ పేరాను చెరిపి కొత్తగా రాయలేదు. కర్సరును మొదటి వాక్యం దగ్గర పెట్టి, బడిలో పిల్లల కాంపోజిషను పుస్తకాలు దిద్దినట్టు, లేని అక్షరాన్ని లేని చోట ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ వచ్చారు. ‘మమకు’ ముందు ‘అ’ వచ్చింది. రెండు ‘మ’ల మధ్య పొల్లు పడగానే అవి ఒకదాని కిందికి ఒకటి చేరి అమ్మ అయింది. ‘గురతే’ కాస్తా ‘గుర్తే’ అయింది. పావుగంట పట్టింది. ఎడమ చేతి వేలు ఎక్కడా వణకలేదని చెప్పను, వణికింది. మీట మాత్రం ప్రతిసారీ పలికింది.

"ఇంతకీ దానికి ఏమయిందిరా?" అని అప్పుడు అడిగారు. అమ్మ గుమ్మంలో నిలబడి వింటున్నది. నేను "దుమ్ము" అన్నాను. "రాత్రి నాలుగు తుమ్ములు తుమ్మించిన దుమ్మేనా?" అన్నది అమ్మ. "తెర వెనక డబ్బా ఎక్కడుందో నాకు తెలియదనుకున్నారా? ఇక్కడ తప్పు మీటదీ కాదు, వేలిదీ కాదు. ముక్కుది." నాన్నగారు మారు మాట్లాడలేదు. డబ్బా తీసి అమ్మ చేతికిచ్చారు. అది ఆఖరి డబ్బా అవునో కాదో నేను పూచీ పడలేను. కీబోర్డు దగ్గర మాత్రం పొడుమూ కాఫీ రెండూ నిషేధమయ్యాయి.

వయసు పైబడ్డవారి ఇళ్ళలో ఇది అరుదైన సంగతి కాదనుకుంటాను. టీవీ మాట వినిపించకపోతే చెవి పోయిందనుకుంటారు, అక్షరం మసకగా కనిపిస్తే కన్ను పోయిందనుకుంటారు. మనమూ అదే అనుకుంటాం. నేనూ ఒక రాత్రి అదే అనుకున్నాను. ఒంట్లో తేడా అనిపిస్తే ముందు వైద్యుడికే చూపించాలి, అందులో వాదం లేదు. కాని ఆయన బాగానే ఉందని చెప్పిన తరువాత, దయచేసి ఎదురుగా ఉన్న వస్తువును కూడా ఒకసారి పరీక్ష చేయండి. మీట ఊడదీయటానికి ఒక చెంచా, నాలుగు దూది పొట్లాలు చాలు.

ఆ సాయంత్రం అమ్మ కాఫీ తెచ్చింది. నాన్నగారు కుడి చేత్తో పేపరు పట్టుకుని ఉన్నారు. తల ఎత్తకుండానే ఎడమ చెయ్యి చాపి గ్లాసు అందుకున్నారు. అమ్మ నా వంక చూసింది. ఇద్దరమూ ఏమీ అనలేదు.